పచ్చచొక్కా ఆయన కుడిచెయ్యి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. మదనపల్లెలో మాకు మందుల షాపు ఉంది. "ఆ తెల్ల మాత్ర ఇవ్వమ్మా, పేరు గుర్తులేదు" అని అడిగేవాళ్ళను నేను చూసే చూపుకు జడిసి మా ఆయనే లేచి కౌంటర్ దగ్గరికి వస్తాడు. కానీ బొటనవేలంత మనిషి బొమ్మకు కనుబొమ గీసేటప్పుడు మాత్రం నేను వేరే మనిషిని. మూడు వెంట్రుకల బ్రష్షు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, గంటసేపు కదలకుండా కూర్చోగలను. ఆ గంటలో ఎవరైనా పలకరించారంటే మళ్ళీ పాత మనిషినే.

ఈ బొమ్మల సంగతి కొంచెం చెప్పాలి. ఇదొక ఆట, బల్ల మీద ఆడతారు. లోకమంతా ఏదో పెద్ద నాశనమై, ఊళ్ళు కూలిపోయి, ఎక్కడో కొద్దిమంది మిగిలారనుకోవాలి. ఆ మిగిలినవాళ్ళు తుక్కు ఏరుకుంటూ, గుక్కెడు నీళ్ళ కోసం ఒకరి మీద ఒకరు పడుతూ బతుకుతుంటారు. వాళ్ళే మన బొమ్మలు. పాచికలు వేసి, టేపుతో కొలిచి, ఒక్కొక్కరినీ ముందుకు జరపాలి. ఆ ఆటంటే కుప్పంలో ఉండే మా తమ్ముడికి ప్రాణం. నాకు గెలుపోటములు పట్టవు. బొమ్మలకు రంగులు వేయడం, ఒకదాని చెయ్యి కోసి ఇంకోదానికి అతికించి కొత్త మనిషిని తయారుచేయడం, వాళ్ళు తిరిగే పాడుపడిన ఊరిని కట్టడం, ఇవీ నాకు కావలసినవి.

ఊరు కట్టడానికి మందుల షాపును మించిన చోటు లేదు. పెద్ద సిరంజి గొట్టం నిలబెడితే వాటర్ ట్యాంకు. దగ్గుమందు సీసా మూతలు డ్రమ్ములు. మాత్రలు అయిపోయిన స్ట్రిప్పులు వెనక్కి తిప్పి వరుసగా అతికిస్తే రేకుల షెడ్డు. టమోటా మార్కెట్ దగ్గర పగిలిన క్రేటు ముక్క కనబడితే నా కాళ్ళు అక్కడే ఆగిపోతాయి, దాన్ని జైలు గేటు చేయొచ్చు. తుప్పుకు ఇటుకపొడి, బురదకు వాడేసిన టీపొడి. ఇక ఎడారి నేలకు, మా తమ్ముడు పనిచేసే గ్రానైట్ ఫ్యాక్టరీలో బండలు కోసినప్పుడు వచ్చే బూడిదరంగు పొడి. వాడు వచ్చినప్పుడల్లా ఒక సంచి తెస్తాడు. వానలు ఎగ్గొట్టిన ఏడాది మా వైపు చేలను చూసినవాళ్ళకు లోకం అంతమైతే నేల ఎలా ఉంటుందో పెద్దగా ఊహించుకోవలసిన పనిలేదు.

నిజానికి నాకీ విద్య అబ్బింది దసరా బొమ్మల కొలువులో. చిన్నప్పుడు కుప్పంలో మా ఇంట్లో మెట్ల మీద బొమ్మలు పెట్టడం పెద్దవాళ్ళ పని, మెట్ల కింద నేల మీద పార్కు వేయడం పిల్లల పని. ఇసుక పోసి, నానబెట్టిన రాగులు చల్లి మొలకలు తెప్పించి, అద్దం ముక్క పెట్టి చెరువు చేసేదాన్ని. మొలకలు ఎక్కడ ఒత్తుగా రావాలో, చెరువు గట్టు ఎక్కడ తెగిపోయినట్టుండాలో నేను చెప్పిందే మాట. తమ్ముడు ఇసుక మోసేవాడు. ఇప్పుడూ అంతే, ఇసుక బదులు బండపొడి మోస్తున్నాడు.

మా నాయనకు కుప్పంలో రంగులు, సామాన్ల షాపు ఉండేది. గేట్లకు, కిటికీలకు, ఎద్దుల బండ్లకు ఆయన అమ్మిన రంగులే. పెళ్ళయ్యాక ఒకసారి నేను పుట్టింటికి పోయి, షాపు కౌంటర్ మీద కాగితం పరచుకుని ఒక బొమ్మకు రంగు వేస్తూ కూర్చున్నాను. ఆయన పక్కనే నిలబడి చాలాసేపు చూశాడు. చూసి చూసి అన్నాడు.

"ఏమ్మా, పొద్దుట్నించీ ఒక సొక్కాకే రంగేస్తాండావు. ఈ లెక్కన ఊళ్ళో గేట్లన్నీ ఏసేది ఎప్పుడు?"

"ఇది గేటు కాదు నాయనా."

"ఇట్ల తే."

నా చేతిలోంచి బ్రష్షు కాదు, బొమ్మనే తీసుకున్నాడు. అది సీసంలాంటి లోహంతో పోసిన బరువైన బొమ్మ, నేను గుంపుకు నాయకుడిగా ఎంచి పెట్టుకున్నది. ఆయన గేటుకు వేసే ఆకుపచ్చ ఎనామిల్ డబ్బా మూత తీసి, అందులోంచి అర అంగుళం బ్రష్షు పైకెత్తి, చొక్కా అంతా ఒకే ఊపులో లాగేశాడు. చేతివేళ్ళ దాకా చొక్కానే. ప్యాంటుకు తుప్పు పట్టకుండా ఇనుముకు కొట్టే ఎర్రరంగు. మొహానికి పసుపు. కళ్ళకు మేకు మొనతో రెండు నల్ల చుక్కలు. గుండీలు లేవు, మడతలు లేవు, ముక్కు కూడా సగం మునిగిపోయింది. పది నిమిషాల్లో పని ముగించి, "ఎండలో పెట్టు, ఆరినాక ఆడుకోండి" అని గిరాకీ చూసుకోవడానికి పోయాడు.

నా ప్రాణం ఉసూరుమంది. నెల రోజులు ఆలోచించి పెట్టుకున్న మనిషిని గేటు చేసేశాడు! అదే మాట తమ్ముడితో గొణిగితే వాడు ఆ బొమ్మను అరచేతిలో పెట్టుకుని పడీపడీ నవ్వి, "ఈయన్ను నాకిచ్చెయ్యక్కా" అన్నాడు. ఆ రోజు నుంచి వాడి గుంపుకు ఆయనే నాయకుడు. పచ్చచొక్కా ఆయన అంటాం. నేను వేసిన ఎందరో, గాయాలతో, మాసిన పట్టీలతో, తుప్పు చారలతో ఉన్న వాళ్ళంతా పాచిక తిరగబడి పడిపోతుంటే, ఆ పచ్చచొక్కా మాత్రం బల్ల చివర తళతళలాడుతూ నిలబడి ఉండేది. నాకు చూడబుద్ధయ్యేది కాదు.

తరువాత నాయన పోయాడు. షాపు తీసేశారు. ఆయన చేత్తో రంగు వేసిన వస్తువు మా ఇద్దరికీ మిగిలింది ఆ బొమ్మ ఒక్కటే. ఆయన జీవితమంతా రంగులు అమ్మాడుగానీ వేసింది తక్కువ.

మొన్న ఎండాకాలంలో ఆట మధ్యలో పచ్చచొక్కా ఆయన బల్ల మీద నుంచి పడి కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగింది. తమ్ముడు ఇల్లంతా ఊడ్చి వెతికాడు, ఆ ముక్క దొరకలేదు. బొమ్మను దూదిలో చుట్టి నా చేతికిచ్చాడు.

"చెయ్యి మాత్రం పెట్టక్కా. రంగు జోలికి పోవద్దు."

"నేనెందుకు పోతానప్పా" అన్నానుగానీ, వాడు ఆ మాట ఎందుకన్నాడో నాకు తెలుసు. ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. ఇంటికొచ్చిన వారానికే ఒక మధ్యాహ్నం థిన్నర్ సీసా మూత తీశాను. ఒక్కసారి ఆ ఎనామిల్ కడిగేస్తే కింద మొహం, మడతలు, గుండీలు అన్నీ బయటపడతాయి. ఎంత బాగా వేయొచ్చు! సీసా పట్టుకుని కాసేపు కూర్చుని, మళ్ళీ మూత బిగించాను. మనసు అంతవరకూ పోయిందన్న సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

చెయ్యి పెట్టడం కూడా కుదరలేదు. నాలుగు చేతులు చేశాను. నరాలు తేలి, గోళ్ళతో సహా ఉన్నాయి. ఆ గేటు మనిషి పక్కన పెడితే ఒక్కటీ అతకదు. కోపం వచ్చి నాలుగూ డబ్బాలో పడేశాను. అలా నెలలు గడిచిపోయాయి. ఈలోగా, కిందటి దసరా నుంచీ చేస్తున్న కొత్త పదకొండుమంది పూర్తయ్యారు. ఒకడికి కాలు బదులు పైపు, ఒకామెకు చేతి చోట కొక్కెం, ఇంకొకడి చొక్కా టైరు ముక్కలతో కుట్టింది. దాదాపు ఏడాది పని. దసరా సెలవుల్లో వాళ్ళను కుప్పం తీసుకుపోయి తమ్ముడికి చూపించాలని, పన్నెండో మనిషిగా చెయ్యి లేని పచ్చచొక్కా ఆయన్ను కూడా అదే డబ్బాలో సర్దుకుని, పుంగనూరు బస్సెక్కాను.

పుంగనూరులో మా అత్త, అంటే మా ఆయన తల్లి, ఉంటుంది. ఆమె కొలువు ఆ వీధికే పెద్ద కొలువు. నవరాత్రులకు ముందురోజు పోయి ఆమెకు మెట్లు సర్దిపెట్టి, మర్నాడు కుప్పం పోవడం నాకు అలవాటు. మా అత్తకు ఒక నియమం ఉంది. ట్రంకుపెట్టె దించగానే బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా తిప్పి చూస్తుంది. ముక్కు రాలినా, వేలు విరిగినా ఆ బొమ్మను మెట్టెక్కించదు, ఇంట్లోనూ ఉంచదు, నీళ్ళలో కలిపేస్తుంది. ఇదివరకు చెరువుకు పోయేది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులని పెరట్లోనే బకెట్టులో పసుపునీళ్ళు పోసి, అందులో బొమ్మను కరగబెట్టి, ఆ నీళ్ళు కొబ్బరిచెట్టుకు పోస్తుంది. మదనపల్లెలో మా ఇంట్లో పెచ్చులూడిన బొమ్మలేమైనా ఉంటే ఏటా నేను డబ్బాలో పెట్టి తెచ్చి ఆ ట్రంకుపెట్టె పక్కన ఉంచుతాను. ఆమె చూసుకుంటుంది. మా ఇద్దరి మధ్య ఆ విషయంలో మాటల అవసరం కూడా లేదు.

ఆ రోజు పొద్దున బస్సు దిగి, సంచి లోపల పెట్టి, బొమ్మల డబ్బా నలగకుండా ఉంటుందని తీసి, ఎక్కడ పెట్టాను? ట్రంకుపెట్టె పక్కనే. పెట్టి పూలకని మార్కెట్టుకు పోయాను. చామంతులు మంచివి దొరక్క రెండు గంటలు తిరిగాను.

వచ్చేసరికి డబ్బా ఖాళీగా ఉంది. కడిగి బోర్లించి కూడా ఉంది.

"అత్తా, ఈ డబ్బాలో బొమ్మలు యాడ?"

"ఏసేసినానమ్మా."

"యాడ ఏసినావు?"

"నీళ్ళలో. పెరట్లో బకెట్టులో ఉండాయి, పోయి సూడు. అప్పుట్నించీ నానతాండాయి, ఒక్కటీ కరగలే. యా ఊరి మట్టో ఏమో! తొందరగా కరగతాయని వేణ్ణీళ్ళు గూడా పోస్తిని. కట్టెతో కలిపితిని."

పూలబుట్ట అక్కడే వదిలేసి పెరట్లోకి పరుగెత్తాను. పసుపునీళ్ళు బూడిదరంగు గంజిలా ఉన్నాయి. పైపు కాలొకటి తేలుతోంది. బొమ్మల కాళ్ళ కింద ఇసుక, బండపొడి తెల్ల జిగురుతో అతికించి చేసిన పీటలన్నీ వేడికి విడిపోయి అడుగున బురదై కూర్చున్నాయి. బయటికి తీసినవాళ్ళు తీసినట్టే ఊడిపోతున్నారు. నేను అతికించిన ప్రతి చెయ్యీ విడిపోయింది. మెరుగు కోసం వేసిన పూత తెల్లగా పొంగి, మొహాలన్నీ పాలిపోయాయి.

"ఎంత పని చేసినావు అత్తా! ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?" అని అరిచాను. పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసింది.

మా అత్త బెదరలేదు. "యాల అట్ల అరుస్తాండావు? ఒకడికి కాలు లేదు. ఒకామెకు చెయ్యి లేదు. ఒకడికి మొగమంతా పుండ్లు. అట్లాంటివి ఇంట్లో పెట్టుకుంటామా? ఏటేటా నువ్వు తెచ్చి పెట్టేది ఆడే గదమ్మా" అంది.

ఆమె అన్న ప్రతి మాటా నిజం. బొమ్మలకు ఒళ్ళంతా ఊనాలు పెట్టి ఏడాది పాటు మురిసిపోయింది నేను. తెచ్చి సరిగ్గా ఆ చోట పెట్టిందీ నేనే.

అప్పుడు గుర్తొచ్చింది, పచ్చచొక్కా ఆయన. మోచేతుల దాకా బకెట్టులో ముంచి దేవాను. మొండేలు లెక్కపెట్టాను. పదకొండే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. నా పదకొండుమంది పోతే పోనీ, ఇంకో ఏడాది కూర్చుంటే మళ్ళీ పుడతారు. ఆ ఒక్కణ్ణీ మళ్ళీ చేయడానికి మా నాయన లేడు. తమ్ముడికి ఏం మొహం చూపించను?

"అత్తా, ఇంకోటి ఉండాలి. పచ్చ చొక్కా. బరువుగా ఉంటాది. మా నాయన రంగేసిన బొమ్మ అది."

ఆమె మొహం మారిపోయింది. "మీ నాయనదా? మొదలే సెప్పకూడదామ్మా" అని అక్కడే తిన్నె మీద కూర్చుండిపోయింది. తరువాత లేచి, "మొదుట పోసిన నీళ్ళు సల్లారినాయని సెట్టుకాడ పారబోస్తిని. దాంట్లో గాని పాయనేమో" అంది.

ఇద్దరం కొబ్బరిచెట్టు మొదట్లో కూలబడ్డాం. మోకాళ్ళ నొప్పులని చెరువుకు పోవడం మానేసిన మనిషి నాతోపాటు బురదలో మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో తవ్వింది. ఎండుటాకులు, పీచు, నిన్నటి పాత్రలు తోమిన బూడిద. నేను ఏడుస్తున్నానో తిడుతున్నానో నాకే తెలియడం లేదు. తిట్లన్నీ నాకే.

"ఇద్దో, ఈడ ఏదో పచ్చగా మెరస్తాండాది" అంది అత్త.

ఆయనే. కొళాయి కింద పెట్టి కడిగాను. బురద జారిపోయింది. పచ్చ పచ్చగానే ఉంది, ఎరుపు ఎర్రగానే ఉంది. రెండు నల్ల చుక్కలు నావైపే చూస్తున్నాయి. వేణ్ణీళ్ళలో ఉడికి, కట్టెతో దెబ్బలు తిని, బురదలో పడి వచ్చినా ఒక్క గీత పడలేదు. నేను పది పూతలు వేసి, మెరుగు పెట్టి, ఊదిఊది ఆరబెట్టిన పదకొండుమందీ గంటలో తేలిపోయారు. గేట్లు ఎండకూ వానకూ నిలబడాలి కదా, ఆ మనిషికి అలా వేయడమే తెలుసు. థిన్నర్ సీసా గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. కొళాయి దగ్గరే కూర్చుని బాగా ఏడ్చాను. ఏడుపు అయ్యాక ఆకలేసింది.

అన్నం తింటుండగా అత్త తీర్పు చెప్పింది. "ఆయన్ను చెయ్యి లేకుండా ఇంట్లో ఉంచేదానికి లేదు. రేపు పొద్దున కలశం పెట్టాల. ఈలోపల చెయ్యి పెట్టు."

వీధి చివరి షాపు నుంచి పైపులు కారితే పూసే ముద్ద తెచ్చాను. విరిగిన చోట సూదితో తొలిచి, సన్నని రాగితీగ గుచ్చి, దాని మీద ముద్ద పెట్టాను. ఆ చేతిలో తుపాకీ పెట్టాలని ఎండాకాలం నుంచీ అనుకుంటున్నాను. అత్త పక్కన కూర్చుని వత్తులు చేసుకుంటూ, "ఆయుధం యాలమ్మా? మీ నాయన సేతిలో ఎప్పుడన్నా కత్తి సూసినావా?" అంది. చూడలేదు. చెయ్యి ఊరికే కిందికి వేలాడనిచ్చాను. వేళ్ళు చెక్కబోయి ఆగాను. ఆయన వేసే రంగుకు వేళ్ళు ఎలాగూ మునిగిపోతాయి.

ముద్ద గట్టిపడేసరికి సాయంత్రం ఎండ వరండాలోకి వచ్చింది. అత్త అటక మీద నుంచి గేటుకు వేయగా మిగిలిన ఆకుపచ్చ డబ్బా దింపించింది. పైన మీగడలా కట్టిన పొరను పుల్లతో చించితే కింద రంగు బాగానే ఉంది. నా మూడు వెంట్రుకల బ్రష్షు తీసి అలవాటుగా అందులో ముంచాను. లాభం లేదు, చారలు పడ్డాయి. తుడిచేశాను. ఇంకోసారి, మళ్ళీ చారలే. నాయన ఎలా వేశాడో కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాను. బ్రష్షు నిండా రంగు తీసుకున్నాడు, ఆలోచించలేదు, ఆగలేదు, వెనక్కి తిరిగి దిద్దలేదు. నాకు జీవితంలో అన్నిటికన్నా కష్టమైన పని దిద్దకుండా ఉండటం. అత్త డబ్బాతో పాటు తెచ్చిన అర అంగుళం బ్రష్షు తీసుకుని, మనసు గట్టి చేసుకుని, భుజం నుంచి వేళ్ళ దాకా ఒకే లాగు లాగి, బ్రష్షు దూరంగా పెట్టేశాను.

ఎనామిల్ ఆరడానికి రోజంతా పడుతుంది కాబట్టి కుప్పం ప్రయాణం ఒకరోజు వెనక్కి జరిపాను. మర్నాడు కలశం పెట్టాక, ఏటా కొలువులో ఒక కొత్త బొమ్మ చేరాలి కదా అని అత్త పచ్చచొక్కా ఆయన్ను కింది మెట్టు మీద, పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు బొమ్మల పక్కన నిలబెట్టింది. పేరంటానికి వచ్చినవాళ్ళు ఆయన ఏ దేవుడని అడిగారు. "మా వియ్యంకుడు రంగేసిన బొమ్మ" అని చెప్పింది. ఆ రోజంతా చాటలో ఆరబెట్టిన కాళ్ళూ చేతులూ ఏరి, నా పదకొండుమందిని మళ్ళీ అతికించుకుంటూ కూర్చున్నాను. కొన్ని కాళ్ళు మారిపోయి ఉంటాయి. అత్త ఏరి ఇస్తూ, "ఈ సెయ్యి ఎవురిది?" అని అడుగుతుంటే పనిలో పడి కోపం సంగతే మరిచాను.

ఆ మర్నాడు పలమనేరులో బస్సు మారి కుప్పం చేరాను. నా పదకొండుమంది తెల్లబారిన మొహాలు చూసి తమ్ముడు ఎగిరి గంతేశాడు. "దుమ్ములో పడి వచ్చినట్టే ఉండారు! ఎట్ల చేసినావక్కా ఇది?" అన్నాడు. "మీ అక్క అత్తను అడుగు" అన్నాను.

చివరిగా దూది విప్పి పచ్చచొక్కా ఆయన్ను వాడి చేతిలో పెట్టాను. వాడు కిటికీ దగ్గరికి పోయి వెలుగులో అటూ ఇటూ తిప్పాడు.

"ఇల్లంతా ఊడ్చినా నాకు దొరకలేదే ఈ సెయ్యి! నీకు యాడ దొరికిందక్కా?" అన్నాడు.

నేను అప్పటిదాకా ఎన్ని కనుబొమలు గీశానో, ఎన్ని తుప్పు చారలు దించానో, ఏ ఒక్కదానికీ ఇంత సంతోషపడలేదు.

"దొరకలేదప్పా" అన్నాను. "నేనే ఏసినా."

వాడు ఆ చేతిని బొటనవేలితో ఒకసారి తడిమి, బొమ్మను తీసుకుపోయి బల్ల మీద వరసలో మొదట నిలబెట్టాడు.